భార్యాభర్తల డబ్బు లెక్కలు, శనివారం సినిమా వాదనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాకు పెళ్లయి పదమూడేళ్లయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, హైదరాబాద్‌లో ఉంటాం. మా పిన్ని కూతుళ్లు, ఆఫీసులో కొత్తగా పెళ్లయిన పిల్లలు, ఎదురింటి వాళ్ల కోడలు, అందరూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీ అవసరం ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి, వరసగా చదవక్కర్లేదు. పన్ను అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. వారసత్వం గురించి రాసింది హిందూ కుటుంబాలకు వర్తించే చట్టం. ముస్లింలకు, క్రైస్తవులకు పద్ధతి వేరు.

## పెళ్లికి ముందు

అప్పుల గురించి ముందే అడిగితే ఏమనుకుంటారో అని భయంగా ఉంది. అడగొచ్చా?

అడగండి. జాతకాలు, గోత్రాలు, మేనరికాలు అన్నీ అడుగుతాం. ఇరవై ఏళ్లు కలిసి కట్టబోయే అప్పు సంగతి అడగడానికి మొహమాటపడతాం. పెద్దవాళ్ల ముందు కాకుండా ఇద్దరే మాట్లాడుకునే వీలు దొరికినప్పుడు, ముందు మీ సంగతి మీరు చెప్పి మొదలుపెట్టండి. ప్యాకేజీ ఎంత అని కాదు, నెలనెలా చేతికి ఎంతొస్తుందో తెలుసుకోవాలి. చదువు కోసం తీసుకున్న లోను, క్రెడిట్ కార్డు బకాయి, స్నేహితుడి లోనుకు పెట్టిన హామీ సంతకం, ఇంటికి పంపే డబ్బు, చెల్లెలి పెళ్లి బాధ్యత... ఇవన్నీ మాటల్లోకి రావాలి. అప్పు ఉందని సంబంధం వదులుకోమని నేను చెప్పను. అడిగినా దాచితే మాత్రం ఆగి ఆలోచించండి.

నా పెళ్లికి నాన్న అప్పు చేశారు. పెళ్లయ్యాక నా జీతంలోంచి కట్టొచ్చా? మా ఆయనకు చెప్పాలా?

కట్టొచ్చు, చెప్పి కట్టండి. నేను మూడేళ్లు కట్టాను. నిశ్చితార్థం తర్వాత ఒకరోజు ఫోన్లో "నెలకు ఇంత నాన్నకు వెళ్తుంది, మూడేళ్లు" అని చెప్పేశాను. అటువైపు ఒక నిమిషం మౌనం, తర్వాత "సరే" అన్నారు. ఆ ఒక్క నిమిషం ఇబ్బందిని ముందే పడడం వల్ల మూడేళ్లు బ్యాంకు మెసేజ్‌లు దాచుకునే పని తప్పింది.

పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మా అత్తగారి బీరువాలో ఉంది. అది ఎవరిది?

మీదే. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత మీకు ఇచ్చిన నగలు, కానుకలు స్త్రీధనం. అవి ఎవరి బీరువాలో ఉన్నా పూర్తి హక్కు భార్యదేనని ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. పసుపు కుంకుమ కింద మీ పేరున రాసిన పొలం కూడా అంతే. గొడవ పడకుండా చేయగలిగింది ఒకటుంది. ప్రతి నగను ఫోటో తీసి, తులాల్లోనో కాసుల్లోనో కాకుండా గ్రాముల్లో బరువు రాసి, బిల్లులతో కలిపి ఉంచండి. తులమంటే 10 గ్రాములు, కాసంటే 8 గ్రాములు కాబట్టి రెండు జిల్లాల సంబంధాల్లో ఈ మాటల దగ్గరే తికమక వస్తుంది. తర్వాత లాకరు తీసుకుని అందులో పెట్టండి. ఐటీ సోదాలు జరిగినా పెళ్లయిన స్త్రీ నగలు 500 గ్రాముల వరకు జప్తు చేయొద్దని 1994లో సీబీడీటీ (ఆదాయపు పన్ను శాఖ పైన ఉండే కేంద్ర బోర్డు) ఆదేశం ఇచ్చింది.

## కొత్త కాపురం

ఇద్దరికీ ఒకటే జాయింట్ అకౌంట్ పెట్టుకోవాలా, ఎవరిది వాళ్లకు ఉండాలా?

మూడు ఖాతాలు పెట్టుకోండి. మీది ఒకటి, వాళ్లది ఒకటి, ఇంటిది ఒకటి. అద్దె, పాలు, కిరాణా, కరెంటు, స్కూలు ఫీజు, పనమ్మాయి జీతం అన్నీ ఇంటి ఖాతాలోంచే వెళ్లాలి. మిగిలింది ఎవరి ఖాతాలో వాళ్లకు ఉంటుంది, దానికి లెక్క అడగకూడదు. జాయింట్ ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో "ఈదర్ ఆర్ సర్వైవర్" అని టిక్ పెట్టండి. అప్పుడు ఇద్దరిలో ఎవరైనా ఒక్క సంతకంతో నడపొచ్చు, ఒకరు లేకపోయినా రెండోవారికి డబ్బు ఆగదు. "జాయింట్లీ" అని పెడితే ప్రతిదానికీ రెండు సంతకాలు కావాలి. ఒకరు ఊళ్లో లేకపోతే అక్కడే ఆగిపోతారు.

ఆయన జీతం 90 వేలు, నాది 60 వేలు. ఖర్చు సగం సగం పెట్టుకుందాం అంటున్నారు. న్యాయమేనా?

సగం అనే మాట వినడానికి సమంగానే ఉంటుంది. ఇంటి ఖర్చు 50 వేలనుకోండి. చెరో 25 వేలు పెడితే ఆయనకు 65 వేలు, మీకు 35 వేలు మిగులుతాయి. జీతాల దామాషాలో పెడితే ఆయన 30 వేలు, మీరు 20 వేలు. మా ఇంట్లో ఇదే పద్ధతి. నేను ప్రసూతి సెలవు తర్వాత జీతం లేకుండా ఏడు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు నా వాటా సున్నా. ఆ ఏడు నెలలూ నా సొంత ఖర్చుకు ఆయన ఖాతాలోంచి నా ఖాతాలోకి డబ్బు వచ్చేది. దామాషా అంటే అది కూడా అని ముందే ఒప్పుకున్నాం. మీరూ పిల్లలు పుట్టకముందే ఆ మాట ఒప్పించుకోండి.

నేను ఉద్యోగం చేయను. ప్రతిదానికీ చెయ్యి చాచాలంటే చిన్నతనంగా ఉంటోంది.

ఆ బాధ నిజమైనది, దాన్ని చిన్నది చేయొద్దు. ఇంటి ఖాతాకు మీ పేరున కూడా డెబిట్ కార్డు, యూపీఐ తీసుకోండి. దానితోపాటు మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలోకి ప్రతి నెలా ఒకటో తేదీన స్థిరంగా కొంత మొత్తం దానంతటదే వచ్చేలా పెట్టించుకోండి. అడిగితే ఇచ్చే డబ్బు కాదది. ఒకటో తేదీకి జీతం వచ్చినట్టు వచ్చి పడాలి. మొత్తం ఎంత అనేది మీ ఇంటి స్థోమతను బట్టి. ఐదు వందలైనా పర్వాలేదు, అడగకుండా రావాలి.

పోపుల డబ్బాలో దాచుకోవడం తప్పా?

మా అమ్మ దాచిన డబ్బే నా ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజు. నేనెలా తప్పంటాను? ఆ తరం ఆడవాళ్లకు వేరే దారి లేదు. మీకు బ్యాంకు ఖాతా ఉంది కాబట్టి అక్కడ దాచుకోండి, వడ్డీ వస్తుంది. ఎంత ఉందో చెప్పక్కర్లేదు, ఉందని మాత్రం చెప్పండి. ఇంట్లో మీకు భయంగా ఉండే పరిస్థితి అయితే ఈ సలహా మీకు కాదు. చెప్పకుండా దాచుకోండి, మీ పుట్టింటివాళ్లలో ఒక్కరికి తెలిసేలా ఉంచండి.

పెళ్లయ్యాక వెంటనే మార్చుకోవాల్సిన కాగితాలు ఏంటి?

మొదటిది ఈపీఎఫ్, అంటే జీతంలోంచి నెలనెలా కోసే భవిష్య నిధి. పెళ్లికి ముందు అమ్మానాన్నల పేరున పెట్టిన నామినేషన్ పెళ్లవగానే చెల్లకుండా పోతుంది, ఇది చాలామందికి తెలియదు. ఆన్‌లైన్‌లోనే కొత్తది పెట్టొచ్చు. తర్వాత గ్రాట్యుటీ, బ్యాంకు ఖాతాలు, జీవిత బీమా, ఆఫీసు ఆరోగ్య బీమాలో జీవిత భాగస్వామి పేరు. వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి, వీసా నుంచి బీమా దాకా అడుగుతారు. ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. మార్చుకుంటే పాన్, ఆధార్, బ్యాంకు మూడింటిలోనూ ఒకేలా ఉండాలి.

## మాట్లాడుకోవడం, వాదించుకోవడం

డబ్బు మాటెత్తితే గొడవే. మీరు ప్రతి శనివారం సైన్స్ ఫిక్షన్ సినిమా చూసి వాదించుకుంటారటగా, దానికీ దీనికీ సంబంధం ఏంటి?

ఆరేళ్ల కిందట యాదాద్రి వైపు ఒక ప్లాటు అమ్మకానికొచ్చింది. ఎఫ్‌డీ తీసేసి కొందామని ఆయన, వద్దని నేను. రెండు వారాలు అదే గొడవ. ఇద్దరి లెక్కలూ సరైనవే, అయినా ఒకరిది ఒకరికి ఎక్కలేదు.

ఆ శనివారం రాత్రి ఇంటర్‌స్టెల్లార్ చూశాం. ఆ కథలో భవిష్యత్తు మనుషులే అంతరిక్షంలో దారి తెరిచి ఇప్పటి మనుషుల్ని కాపాడతారు. ఇప్పటివాళ్లు బతికి ఉంటేనే కదా భవిష్యత్తు మనుషులుండేది, మొదట ఎవరు ఎవరిని కాపాడినట్టు? కథలో కన్నం ఉందని ఆయన వాదన. కన్నం కాదు, కాలం గుండ్రంగా ఉందని నాది. గంట సేపు అరుచుకున్నాక ఆయనే ఆగి, "ముందు ఈ సినిమాలో కాలానికి ఉన్న రూలు ఏంటో ఒప్పుకుందాం. జరిగింది మార్చలేరు అన్నదే రూలైతే నువ్వన్నది కరెక్టు. మార్చగలరు అంటే నేనన్నది కరెక్టు" అన్నారు. నిజమే. మేం వాదిస్తున్నది కథ గురించి కాదు. చెప్పుకోని రెండు వేర్వేరు రూళ్ల గురించి.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ ప్లాటు విషయానికి అదే ప్రశ్న వేసుకున్నాం. ఆయన మనసులో ఉన్న రూలు: భూమి ధర తగ్గదు. నాది: అవసరానికి అమ్ముకోలేనిదాని మీద చేతిలో ఉన్నదంతా పెట్టకూడదు. మా నాన్న పొలం అమ్ముడుపోక ఆసుపత్రి బిల్లుకు వడ్డీకి తెచ్చిన సంగతి ఆయనకు అప్పుడే పూర్తిగా చెప్పాను. వాళ్ల నాన్న 1990ల్లో ఉప్పల్ దగ్గర స్థలం వద్దనుకుని తర్వాత బాధపడిన సంగతి ఆయన చెప్పారు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగిలితేనే భూమి కొనాలని కొత్త రూలు రాసుకున్నాం. ఆ లెక్కకు ప్లాటు అందలేదు, కొనలేదు. తర్వాత అక్కడ ధర పెరిగింది. ఆయన ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు, ఎందుకంటే వద్దన్నది నేను కాదు, ఇద్దరం ఒప్పుకున్న రూలు.

అలా వాదించుకోవడానికి ఏమైనా పద్ధతి ఉందా?

సినిమా అయిపోయాక ఫోన్లు పక్కన పెడతాం. ముందు ఆ కథాలోకంలో ఏది సాధ్యం, ఏది కాదు అన్నది ఒక్క వాక్యంలో ఒప్పుకుంటాం. తర్వాత అవతలివారి వాదనను మన మాటల్లో చెప్పాలి, వాళ్లు "అవును, నేనన్నది అదే" అనేదాకా. ఆ తర్వాతే మన వాదన. ఇది చాలా కష్టం, మొదట్లో నాకు పది నిమిషాలు పట్టేది. చివరికి "సినిమాలో ఏం చూపించి ఉంటే నువ్వు మనసు మార్చుకునేదానివి?" అని అడుగుకుంటాం. జవాబు లేకపోతే అది అభిప్రాయం కాదు, పట్టుదల. డబ్బు విషయంలోనూ అదే ప్రశ్న పనిచేస్తుంది: "కారు సంగతిలో ఏం తేలితే నువ్వు సరే అంటావు?"

ఏ సినిమాలతో మొదలుపెట్టమంటారు?

తెలుగువాళ్లం కాబట్టి ఆదిత్య 369తో. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీశారు. టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికీ, అక్కణ్నుంచి భవిష్యత్తుకూ వెళ్తారు. వాళ్లు వెళ్లడం వల్ల చరిత్ర మారిందా, లేక చరిత్రలో వాళ్లు ముందునుంచీ ఉన్నారా? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు శనివారాలు గడపొచ్చు. తర్వాత 2016లో వచ్చిన 24. అందులో గడియారం తిప్పితే 24 గంటలు వెనక్కి వెళ్లొచ్చు. మనకు ఆ గడియారం లేదు కాబట్టి మా ఇంట్లో ఐదు వేలు దాటిన వస్తువు ఏదైనా సరే కొనేముందు 24 గంటలు ఆగుతాం. ఆగిన వాటిలో చాలా వస్తువులు మర్నాటికి గుర్తు కూడా రావు.

పిల్లల భవిష్యత్తు కోసం విదేశం వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాం. దీనికి కూడా సినిమానేనా?

ఇంటర్‌స్టెల్లార్‌లో ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. తండ్రి తిరిగి ఓడ ఎక్కేసరికి ఇంటి దగ్గర 23 ఏళ్లు గడిచిపోతాయి, పిల్లలు పంపిన వీడియోలు చూస్తూ ఏడుస్తాడు. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ ఇళ్లలో ఈ కథ చాలామందికి తెలుసు. రెండేళ్లకోసారి గల్ఫ్ నుంచి వచ్చి, కూతురు తనకంటే ఎత్తు పెరిగిందని చూసుకునే తండ్రులు ఎంతమందో. ఆయనకు ఆన్‌సైట్ అవకాశం వచ్చినప్పుడు మేం ముందు ఆ తండ్రి వెళ్లడం సరైనదా కాదా అని వాదించుకున్నాం. మన గురించి నేరుగా మాట్లాడితే నోటికి రాని మాటలు ఆ తండ్రి గురించి వచ్చాయి. "వెళ్లడం తప్పు కాదు, ఎప్పుడొస్తాడో చెప్పలేకపోవడం తప్పు" అన్నాను. ఆ మాటే మా షరతు అయింది: ఏడాదిన్నర, అంతకు మించితే అందరం కలిసే వెళ్లాలి. పదహారు నెలలకు తిరిగొచ్చారు.

మా ఆవిడకు ఇలాంటి సినిమాలు ఇష్టం ఉండదు. ఎలా?

బలవంతం చేయొద్దు. మాయాబజార్ కథ గురించైనా ఇలాగే వాదించుకోవచ్చు. కావాల్సిందల్లా మీ ఇద్దరి జీవితం కాని ఒక కథ.

సినిమా వాదన కూడా గొడవైపోతోంది.

పడుకోండి. రాత్రి పదిన్నర దాటాక మేం ఏ వాదనా చేయం. ఇంటి లెక్కలు కూడా నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే, టిఫిన్ తిన్నాకే చూసుకుంటాం.

## అప్పు, చీటీ, ఇల్లు

చేతిలో ఎంత డబ్బు ఎప్పుడూ ఉండాలి? అప్పు త్వరగా తీర్చేయడం మంచిది కదా?

తీర్చడం మంచిదే, చేతులు ఖాళీ చేసుకుని కాదు. ఇన్ టైమ్ అని 2011 నాటి సినిమా ఒకటుంది, అందులో డబ్బుకు బదులు కాలమే కరెన్సీ, చేతి మీది గడియారం సున్నాకొస్తే ప్రాణం పోతుంది. హీరో తల్లి అప్పు వాయిదా కట్టేసి గంటన్నరతో బస్సెక్కబోతుంది. అంతకుముందు గంట ఉన్న టికెట్ ఆ రోజే రెండు గంటలైంది. దారిలో పరుగెత్తుతూనే చనిపోతుంది. ఆ సీన్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు నెలల ఖర్చుతో మొదలుపెట్టి ఆరు నెలల ఖర్చు దాకా పక్కన పెట్టండి. ఒక్కరి జీతం మీదే ఇల్లు నడుస్తుంటే ఇంకా ఎక్కువ ఉండాలి. అది షేర్లలో కాదు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఎఫ్‌డీలో, సేవింగ్స్‌లో. అది కాస్త నిలదొక్కుకున్నాక క్రెడిట్ కార్డు, చేతి అప్పుల్లాంటి పెద్ద వడ్డీవి ముందు తీర్చండి.

మా ఊళ్లో "రెండు రూపాయల వడ్డీ" అంటారు. తక్కువేగా?

నూటికి నెలకు రెండు రూపాయలని దాని అర్థం. ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. బంగారం తాకట్టు పెట్టి బ్యాంకులో తీసుకుంటే ఇంతకంటే బాగా తక్కువ పడుతుంది. నగ మీద ప్రేమతో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన కుటుంబాలను చూశాను. వడ్డీ కట్టీ కట్టీ చివరికి ఆ నగ కూడా అమ్ముకున్నారు.

చీటీ వేయొచ్చా? మా ఆయనకు నమ్మకం లేదు.

రిజిస్టర్ అయిన చీటీ అయితే వేయొచ్చు. 5 లక్షల చీటీ, 50 మంది, 50 నెలలు, నెలకు 10 వేలు అనుకోండి. ఈ నెల పాటలో ఒకరు లక్షన్నర వదులుకుని మూడున్నర లక్షలకు పాడుకున్నారు. నిర్వాహకుల కమిషన్ 5 శాతం, అంటే 25 వేలు పోగా మిగిలిన లక్షా పాతిక వేలు 50 మందికి పంచితే తలా 2,500. కాబట్టి ఆ లెక్కన మీరు కట్టేది 7,500. 2019 సవరణ తర్వాత కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు. ముందే పాడుకునేవాళ్లకు ఇది అప్పు, చివరిదాకా ఆగేవాళ్లకు పొదుపు. మీరు దేనికోసం వేస్తున్నారో ఇద్దరూ ముందే తేల్చుకోండి. ఇంత మొత్తం చీటీని రిజిస్ట్రేషన్ లేకుండా నోటిమాట మీద నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టానికి విరుద్ధం. "మనవాళ్లే" అనే ఒక్క మాట మీద మా చుట్టాల్లో ఒకరు రెండేళ్ల పొదుపు పోగొట్టుకున్నారు.

ఆయన లోనుకు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమంటున్నారు. నాకేం నష్టం?

వాయిదాలు ఆగితే బ్యాంకు మొత్తం అప్పు మీ దగ్గర కూడా వసూలు చేయగలదు, సగం కాదు. మీ సిబిల్ స్కోరు (లోను ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) కూడా పడిపోతుంది. ఇంటి లోనుకు, అందులో మీకూ వాటా ఉంటే, సంతకం సబబే. వ్యాపారం లోనుకు అయితే ఆ వ్యాపారం లెక్కలు చూపించమని అడిగి, చూసి, అర్థమయ్యాకే పెట్టండి. అడిగితే నమ్మకం లేదని కాదు.

ఇల్లు ఎవరి పేరున కొనాలి?

ఇద్దరి పేరునా. ఈఎంఐ కడుతున్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు, రిజిస్ట్రేషన్ దస్తావేజులో పేరుండాలి. ఎవరి వాటా ఎంతో అందులోనే శాతాల్లో రాయించండి. పాత పన్ను పద్ధతిలో ఉంటే ఇద్దరూ యజమానులై, ఇద్దరూ లోను కడుతున్నప్పుడు సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద ఒక్కొక్కరికి 2 లక్షల వరకు మినహాయింపు వస్తుంది. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. కొనేముందు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, లాయరుతో చూపించడం మాత్రం మానొద్దు.

నా పేరున ఎఫ్‌డీ వేస్తే ఆయనకు పన్ను తగ్గుతుందట కదా?

తగ్గదు. భర్త భార్యకు ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు, నిజమే. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ మాత్రం ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. మన దేశంలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్న్ వేసే పద్ధతి లేదు, ఎవరిది వాళ్లదే. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు, జీతగాళ్లకైతే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలతో కలిపి 12.75 లక్షల వరకు పన్ను పడదు. ఆ వెసులుబాటు ఒక్కొక్కరికి విడివిడిగా ఉంది. అందుకే మీ జీతాన్ని ఇంటి ఖర్చుకు వాడి ఆయన జీతం మొత్తం పొదుపు చేసే అలవాటు ఉంటే తిరగేయండి. తక్కువ ఆదాయం ఉన్నవారి సొంత సంపాదన పొదుపులోకి వెళ్తే దాని వడ్డీ వాళ్ల పేరునే ఉంటుంది.

## పుట్టిల్లు, అత్తిల్లు, పిల్లలు

ఆయన ప్రతి నెలా అత్తయ్యవాళ్లకు పంపుతారు. నేను మా అమ్మకు పంపితే మొహం మారుతుంది.

ఇంటి ఖాతాలో "పెద్దవాళ్లకు" అని ఒకటే పద్దు పెట్టండి, రెండు వైపులవాళ్లూ అందులోకే వస్తారు. మొత్తం సమానంగా ఉండాలని లేదు. మా అత్తగారికి పింఛను లేదు, మా నాన్నకు ఉంది. అందుకని అటే ఎక్కువ వెళ్తుంది, నాకు దాని మీద ఏ బాధా లేదు. పద్దు ఒకటే అయ్యాక "మీవాళ్లకు, మావాళ్లకు" అనే మాట మా ఇంట్లో చాలా తగ్గింది. పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా వీలైనంత త్వరగా తీసుకోండి, జబ్బు బయటపడ్డాక దొరకడం కష్టం.

తమ్ముడు చేబదులు అడుగుతున్నాడు.

తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వండి. ఇంట్లో చెప్పి ఇవ్వండి. హామీ సంతకం మాత్రం పెట్టొద్దు.

ఆడపిల్ల పుట్టింది. ఏం మొదలుపెట్టాలి?

పదేళ్లు నిండకముందు పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు పూర్తవుతుంది. దాన్ని పెళ్లి డబ్బు అనకండి, చదువు డబ్బు అనండి. పేరును బట్టే ఖర్చవుతుంది. పిల్లకు బీమా పాలసీ కంటే ముందు సంపాదించే తల్లిదండ్రుల మీద టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉండాలి.

## దూరదేశంలో ఉన్నవాళ్లు

మేం టెక్సస్‌లో ఉంటాం. నా జీతం నాది, ఆవిడ జీతం ఆవిడది అనుకోవచ్చా?

టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా చట్టం దృష్టిలో అది సాధారణంగా ఇద్దరిదీ. కానుకగా, వారసత్వంగా వచ్చినవి వేరు. న్యూజెర్సీ లాంటిచోట్ల ఈ చట్టం లేదు. కాబట్టి ఇల్లు మారినప్పుడు దీని గురించి తెలుసుకోండి.

ఇండియాలో పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంది. పర్వాలేదా?

ఎన్ఆర్ఐ అయ్యాక దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడ ఉంచుకునే రూపాయల ఖాతాగా మార్చాలి. అమెరికాలో ఉంటే, అక్కడి బయట మీకున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక అక్కడి ప్రభుత్వానికి ఇవ్వాలి. అమ్మతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా కూడా లెక్కే.

## ఒకరు లేకపోతే

నామినీగా నా పేరుంది. ఆ డబ్బు నాదేనా?

బ్యాంకు మీ చేతికి ఇస్తుంది, అంతవరకే. హక్కు వారసులందరిదీ. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి అందరికీ సమాన వాటాలు. ఇద్దరు పిల్లలుంటే మీకు నాలుగో వంతు, అత్తగారికి నాలుగో వంతు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. ఆయన వ్యాపారంలో అప్పులు ఎక్కువగా ఉంటే, టర్మ్ పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. అప్పులవాళ్లు ఆ డబ్బును ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి.

నాకు పిల్లలు లేరు, సంపాదన నాదే. నేను పోతే మా అమ్మకు ఏమైనా వస్తుందా?

వీలునామా లేకపోతే మీ సొంత సంపాదన ముందు భర్తకు. ఆయన కూడా లేకపోతే ఆయన వారసులకు, ఆ తర్వాతే మీ అమ్మానాన్నలకు. మీ తల్లిదండ్రుల నుంచి మీకు వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేకపోతే, మీ నాన్నగారి వారసులకు తిరిగి వెళ్తుంది. ఈ మాట విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఆ వారమే వీలునామా రాశాను. మీరూ రాయండి, వయసుతో పని లేదు.

వీలునామాకు లాయరు, స్టాంపు పేపరు కావాలా?

తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. మీ సంతకం, మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి వచ్చేవాళ్లు కాకుండా వేరేవాళ్లు సాక్షులైతే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత గొడవలు తక్కువ.

ఏది ఎక్కడుందో నాకేమీ తెలియదు, అన్నీ ఆయనే చూసుకుంటారు.

ఈ ఆదివారమే ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పాలసీ నంబర్లు, లోన్లు, చీటీలు, మనకు బాకీ ఉన్నవాళ్లు, మనం బాకీ ఉన్నవాళ్లు, లాకరు తాళం ఎక్కడుందో, దస్తావేజులు ఎక్కడున్నాయో రాయండి. పాస్‌వర్డ్‌లు అందులో రాయొద్దు. ఆయన ఫోను తెరవడం మీకు, మీది ఆయనకు తెలిస్తే చాలు. ఒక నెల కరెంటు బిల్లు, ఈఎంఐ, స్కూలు ఫీజు మీరే కట్టి చూడండి, ఆయన పక్కనే ఉంటారు. మా ఇంట్లో ఆ కాగితం దేవుడి గది పక్కన బీరువాలో, పెళ్లి ఫోటోల కింద ఉంటుంది. ఏటా ఉగాది మర్నాడు కొత్తది రాసి పాతది చించేస్తాం. ఈ ఏడాది మా పెద్దమ్మాయి కూడా పక్కన కూర్చుని చదివింది.